చిలక బొమ్మకు సగం సుంకం!

"పెళ్ళయి పిల్లల్ని కన్నదానికి ఇంకా బొమ్మలేమిటి?" అనేవాళ్ళతో నాకు మొదట్నించీ పడదు. వాళ్ళ బీరువాలో ఏనాడూ వాడని వెండిసామాను మూలుగుతుంటుంది. దాన్ని మాత్రం ఎవరూ ఆటవస్తువు అనరు! నిర్మల్ బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. తేలికైన పొణికి కర్ర, చింతగింజల జిగురు, పైన కళ్ళు జిగేలుమనే రంగు. మా మంచిర్యాలా, నిర్మలూ 2016 దాకా ఒకే ఆదిలాబాదు జిల్లా. కనుక నా మమకారం ఒక పాలు ఎక్కువే అనుకోండి.

అమెరికాలో ఉన్న మన అమ్మాయిలు ఈ బొమ్మల్నీ, కొండపల్లి బొమ్మల్నీ ఏటా ఒకటో రెండో తెప్పించుకుని కొలువుకు మెట్లు పెంచుకుంటూ వచ్చారు. 2016 నుంచి 800 డాలర్లలోపు పార్సెలుకు అక్కడ సుంకమే లేదు మరి. 2025 ఆగస్టులో ఆ ముచ్చట తీరిపోయింది. 27వ తేదీకి మన సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేరింది. 29న చిన్న పార్సెళ్ళ మినహాయింపు ఎగిరిపోయింది. సుంకం ఎవరు వసూలు చెయ్యాలో తేలక విమానాలవాళ్ళు మూటలు ఎక్కించుకోం పొమ్మన్నారు. మన తపాలా శాఖ 25 నుంచే పార్సెళ్ళు ఆపింది. నూరు డాలర్లలోపు కానుకలు పోతాయని ముందు చెప్పి, నెలాఖరుకు వాటినీ, ఆఖరికి ఉత్తరాల్నీ కూడా ఆపేసింది. మళ్ళీ తెరిచింది అక్టోబరు 15న. దసరా ఎప్పుడండీ? అక్టోబరు 2న!

తెరిచాక మాత్రం ఏం ఒరిగింది? 2025లో రెండు వేల రూపాయల బొమ్మలకు వెయ్యి రూపాయల సుంకం, అదీ ఇక్కడే ముందుగా కట్టాల్సి వచ్చింది. నూరు డాలర్లలోపు కానుకకు మినహాయింపు ఉందిగా అంటారు. ఉంది. అంటే అమ్మ పంపితే కానుక, కూతురు తన పైసలిచ్చి తెప్పించుకుంటే దిగుమతి వ్యాపారం! పెట్టె అదే, చిలకా అదే.

"గీ కట్టెబొమ్మలకు గంత పన్నా? ఆడనే ఏదన్న కొనుక్కోమను" అంటుంది మా పక్కింటి వదినె. పొణికి చిలకను అక్కడ చెక్కేవాడెవరు వదినె? సుంకం వేసేది తమ పనివాడిని కాపాడుకోవడానికి అంటారు. ఆ పనివాడే లేనిచోట అది ఎవర్ని కాపాడినట్టు? దెబ్బ మాత్రం నిర్మల్‌లో ఉలి పట్టినవాడికి.

పోనీ, అమెరికావాళ్ళను నాలుగు తిట్టి ఊరుకుందామా అంటే మనవాళ్ళూ తక్కువ తినలేదు. 2019 డిసెంబరు దాకా పైదేశాల నుంచి 5,000 రూపాయల కానుక సుంకం లేకుండా వచ్చేది. కొన్ని కంపెనీలు అమ్మకపు సరుకునే కానుకలని పేరుపెట్టి దించుతున్నాయని దాన్ని ఎత్తేశారు. ప్రాణాలు నిలిపే మందులకూ, రాఖీకీ మినహాయింపు. రాఖీకి మాత్రమేనండోయ్, దానితోపాటు వచ్చే కానుకకు కాదని పనిగట్టుకుని రాశారు! ఎవరు రాశారో గానీ, ఇంట్లో ఆడపడుచులు ఉన్నవాడే అయివుంటాడు.

బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి ఎక్కింది. నాసిరకం ప్లాస్టిక్కు ఓడలకొద్దీ దిగకుండా ఆపడం సబబే. పసివాళ్ళు నోట్లో పెట్టుకునే వస్తువు కదా, నేనెందుకు కాదంటాను? కాని అద్దాల బీరువాలో వరసగా పేర్చుకోవడానికి ఓ బుల్లి విదేశీ కారు కొనుక్కునే కుర్రవాడున్నాడు. ఆ కారు అందనంత ప్రియమైతే మన చిలకను కొంటాడా? కొనడు. ఊరికే మొహం వేలాడేసుకుంటాడు, అంతే.

ఓడనిండా వచ్చే సరుకుకూ, ఒళ్ళో పట్టే పెట్టెకూ ఒకే తూకమేమిటి? ఏడాదికి మనిషికి ఇంత విలువ, సొంతానికి మాత్రమే, అమ్మితే జరిమానా అని ఒక గీత గీస్తే చాలదూ? దొంగలెవరో దొరకలేదని ఊరందరి చేతులకూ సంకెళ్ళు వేస్తారా? అటువాళ్ళైనా, ఇటువాళ్ళైనా చెయ్యగలిగిన పనే ఇది. చెయ్యాలంటే ముందు, మన సరదాను సరదాగానైనా లెక్కలోకి తీసుకోవాలి.

ఈలోగా మీ ఇంట్లో ఎవరైనా అమెరికా ప్రయాణం కడుతుంటే, ఆవకాయ సీసాలు కాస్త పక్కకు జరిపి, ఒక చిలకకు చోటు చూసిపెట్టండి.