లెక్కకు మన ఊరు, రాతకు పరాయి చెయ్యా?

మొన్న మా మండలం తమ్ముడొకడు ఫోన్ చేశాడు. డిగ్రీలో అర్థశాస్త్రం చదివాడు. ఆ తర్వాత ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలో రెండేండ్లు ఊరూరా తిరిగాడు. "అన్నా, ఇంగ్లండుల అంతర్జాతీయ అభివృద్ధి పీజీకి అప్లై చేస్తున్న. స్టేట్‌మెంట్ రాసిన. జర చూడరాదే" అన్నాడు.

చూశాను. మొదటి వాక్యంలో కరువు. రెండో వాక్యంలో అమ్మ కూలి. మూడో వాక్యంలో చిరిగిన పుస్తకాల సంచి. రెండు పేజీల నిండా ఆకలే. అందులో అబద్ధం ఒక్కటి లేదు. కానీ ఆ రాతలో తమ్ముడు లేడు. వాడు విప్పిచూసిన మస్టర్లు లేవు. గ్రామసభలో నిలబడి చదివిన లెక్కలు లేవు. "గిట్లెందుకు రాసినవ్‌రా?" అంటే, "గట్ల రాస్తెనే సీటిస్తరని కన్సల్టెన్సీ సారు చెప్పిండన్నా" అన్నాడు.

నాకు బాధయింది. కోపం తమ్ముడి మీద కాదు. మన పేదరికాన్ని కూడా సరుకు చేసి, దాన్ని మనతోనే అమ్మించే పద్ధతి మీద.

అసలు ఈ చదువు ఎక్కడ పుట్టింది? 1949 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రమాణ స్వీకార ఉపన్యాసంలో 'వెనుకబడిన ప్రాంతాల'ను బాగుచేస్తామని ప్రకటించాడు. అప్పటినుంచి సగం ప్రపంచానికి వెనుకబాటు అనే ముద్ర పడింది. 1966లో ఇంగ్లండులోని ససెక్స్‌లో అభివృద్ధి అధ్యయనాల సంస్థ వెలిసింది. బ్రిటన్‌లో కొన్ని చోట్ల వలస పాలనాధికారులకు శిక్షణ ఇచ్చిన కోర్సులే రూపం మార్చుకుని ఈ చదువుగా మారాయి. అంటే ఒకరు చూసేవాళ్లు, ఒకరు చూడబడేవాళ్లు. ఒకరు రాసేవాళ్లు, ఒకరు లెక్కలో పడేవాళ్లు.

మన ఊర్లు ఆ లెక్కలో ఎప్పుడో పడ్డాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో గ్రామాల అధ్యయనం మొదలుపెట్టింది. తొలి ఆరు ఊర్లలో రెండు పాత మహబూబ్‌నగర్ జిల్లావే. ఒకటి డోకూరు. రెండోది ఇంగ్లిషు వ్యాసాల్లో 'ఔరేపల్లె' అని అచ్చయ్యే ఊరు. ఇంటింటి ఆదాయం, తిండి, అప్పు, పశువులు అన్నీ ఏండ్ల తరబడి రాసుకున్నారు. రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త 1994లో ఎకనోమెట్రికా పత్రికలో అచ్చువేసిన పేరుమోసిన వ్యాసానికి ఆధారం ఆ లెక్కలే. ఒక ఇంటి ఆదాయం పడిపోయినా ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా పడిపోదు, ఊరు కొంత భారం పంచుకుంటుంది అన్నది అందులో తేలిన ఒక ముఖ్య సంగతి.

మంచి పని, కాదనను. ఆ లెక్కలు లేకుంటే మన మెట్ట రైతు బతుకు ప్రపంచానికి తెలిసేదే కాదు. కానీ ఒక్క ప్రశ్న. చేబదులు అంటే ఏమిటో, అది ఏ గడపకు పుడుతుందో, ఏ గడపకు పుట్టదో పుస్తకం తెరవకుండానే తెలిసిన పిల్లలు ఆ వ్యాసం రాసే బల్ల దగ్గర ఎందుకు లేరు? సాంపిల్ మన ఊరిది అయినప్పుడు సంతకం కూడా మన పిల్లలది కావద్దా?

అందుకే మన పిల్లలు ఈ కోర్సులకు అప్లై చెయ్యాలంటున్నాను. బిచ్చం అడిగినట్టు కాదు, తెలిసినవాళ్లుగా.

అయితే దారిలో ముండ్లున్నాయి. మొదటిది పైసలు. బ్రిటన్‌లో ఈ పీజీ మామూలుగా ఏడాదిది. ఫీజే 20 వేల పౌండ్లు దాటే చోట్లు ఎక్కువ. స్కాలర్‌షిప్ లేకుండా పొలం కుదువ పెట్టి పోవద్దని తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఖరాఖండిగా చెప్తున్నాను. ఇది సాఫ్ట్‌వేర్ జీతంతో అప్పు తీరే చదువు కాదు. బ్రిటన్ సర్కారు ఇచ్చే చీవ్‌నింగ్‌కు 2,800 గంటల పని అనుభవం కావాలి, చదువు అయినంక రెండేండ్లు స్వదేశంలో ఉండాలి. సొంతంగా ఖర్చు భరించలేని పిల్లల కోసం కామన్‌వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్ ఉంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకాలున్నాయి. నిబంధనలు మారుతుంటాయి, కన్సల్టెన్సీ మాట నమ్మకుండా అసలు కాగితం చదవండి.

రెండో ముల్లు ఇంకా లోతుగా దిగుతుంది. ఎస్సీ విద్యార్థులకు, సంచార తెగలకు, భూమిలేని కూలీల, చేతివృత్తుల వాళ్ల పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో ఒక కొత్త నిబంధన పెట్టారు. భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే అధ్యయనాలకు ఈ డబ్బు రాదన్నారు. ఇక్కడి సంగతులు ఇక్కడే చదువుకోవచ్చు కదా అన్నది సర్కారు వాదన.

వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ చరిత్ర తిరగేయండి. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ కొలంబియాకు పోయాడు. 1916లో అక్కడి సెమినార్‌లో చదివిన పత్రం దేని మీద? భారతదేశంలో కులాల మీద. ఆ తర్వాత లండన్‌లో డాక్టరేట్ తెచ్చిపెట్టిన గ్రంథం దేని మీద? మన రూపాయి మీద. ఈ నిబంధన ఆనాడే ఉంటే ఆయన దరఖాస్తు మొదటి గడపలోనే ఆగిపోయేది. దూరం పోయి, ఊరి దొర నీడ పడని లైబ్రరీలో కూర్చుని సొంత సమాజాన్ని చూడడం కూడా ఒక విముక్తే. కలిగినోళ్ల పిల్లలు సొంత డబ్బుతో పోయి మన ఊరి మీద థీసిస్ రాయొచ్చు, ఊరి కూలీ బిడ్డ మాత్రం సర్కారు సాయంతో రాయొద్దా? ఈ నిబంధన తీసెయ్యాలని విద్యార్థి సంఘాలు ఎందుకు గట్టిగా అడగవు?

ఉద్యోగ మిత్రులకూ ఒక మాట. లెక్చరర్ సార్లూ, సిఫారసు లేఖ అడిగితే 'మంచి నడవడిక గలవాడు' అని రెండు ముక్కలు రాసి పంపకండి. ఆ పిల్ల క్లాసులో అడిగిన ప్రశ్న ఏమిటో, చేసిన పని ఏమిటో పేజీ నిండా రాయండి. తహసీల్ ఆఫీసు అన్నలారా, ఆదాయ సర్టిఫికెట్ రెండు వారాలు ఆపితే గడువు దాటిపోతుంది, ఒక ఏడాది పోతుంది. 2009 డిసెంబర్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు మనమంతా కలిసి నినదించాం. ఆనాటి ఆ చెయ్యి ఇప్పుడు ఒక సంతకం పెడితే చాలు.

తమ్ముడితో స్టేట్‌మెంట్ మళ్లీ రాయించాను. ఇప్పుడు మొదటి వాక్యం ఇదీ: మస్టర్‌లో సంతకం ఉన్న ఒక మనిషి ఊర్లో లేడు, రెండేండ్ల కిందనే బొంబాయికి వలసపోయాడు. ఆ సంతకం ఎవరు పెట్టారు? ఆ కూలి ఎవరి చేతికి పోయింది? దీన్ని ఆపే పద్ధతి ఏది? రెండు పేజీలూ ఆ ప్రశ్నల వెంటే నడిచాయి. అమ్మ కూలి కూడా ఉంది. కానీ జాలి కోసం కాదు, సాక్ష్యంగా ఉంది.

సీటు వస్తదో రాదో తెల్వదు. రాకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి రాస్తానన్నాడు. ఎక్కడ చదివినా మంచిదే. ఇక మన ఊరి కథ కింద మన పేరు ఉండాలె.