లంఖణం పనికిరాని రోగి

పోయిన నెల ఈ శీర్షిక ఎందుకు రాలేదని ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. ఇంట్లో రోగి ఉన్నదన్నాను. ఎవరికి, ఏమిటి అని కంగారుపడ్డారు. మా కుందేలుకు ఆపరేషన్ అయిందనగానే నవ్వారు. నవ్వవలసిన మాటే. కాని కాటన్‌పేటలోని మా ఇంట్లో మాత్రం ఆ రోజుల్లో ఎవరికీ నవ్వు రాలేదు.

దాని పేరు మల్లి. తెల్లగా ఉంటుందని మా అమ్మాయి పెట్టిన పేరు. నాలుగేళ్ళ క్రితం గుప్పెడంత పిల్లగా వచ్చింది, ఇప్పుడు కిలోన్నర తూగుతుంది. ఉగాది వెళ్ళిన నాలుగు రోజులకు దాని మూత్రంలో ఎరుపు కనిపించింది. తిన్న ఆకులను బట్టి కూడా కుందేలు మూత్రం ఎర్రబడవచ్చునని ఎక్కడో చదివి, నేను రెండు రోజులు ఉపేక్షించాను. తీరా చూపిస్తే గర్భసంచిలో గడ్డ. పిల్లలు పుట్టకుండా చిన్నతనంలోనే ఆపరేషన్ చేయించని ఆడకుందేళ్ళకు మూడు నాలుగేళ్ళు దాటాక ఈ జబ్బు రావడం మామూలేనని డాక్టరమ్మ చెప్పారు. మన ఊళ్ళో హెబ్బాళలో 1958 నుంచీ పశువైద్య కళాశాల ఉన్నది. అయినా ఆవుకూ ఎద్దుకూ తప్ప కుందేలుకు కూడా వైద్యముంటుందని మనలో ఎందరికి తోస్తుంది? నాకైతే తోచలేదు.

ఆపరేషన్ చైత్ర పూర్ణిమకు ముందు రోజు ఉదయం. ముందునాటి రాత్రి నుంచీ దానికి ఏమీ పెట్టవద్దని ఇంట్లో నేనే ఆజ్ఞ జారీ చేశాను. మా నాన్నగారికి కంటి ఆపరేషన్ అయినప్పుడు అలాగే చేశాము కదా! ఆసుపత్రిలో డాక్టరమ్మ "పొద్దున ఏం తిన్నది?" అని అడిగితే, "రాత్రి నుంచీ పచ్చి గడ్డిపోచ ముట్టలేదండీ" అని గర్వంగా జవాబిచ్చాను. ఆవిడ కలం క్రింద పెట్టి నా వంక చూశారు. ఆఫీసులో తప్పుడు లెక్క పట్టుబడిన నాడు కూడా నేను అంత కుంచించుకుపోలేదు.

సంగతి ఇది. మత్తులో వాంతి అయి ఊపిరితిత్తులలోకి పోతుందన్న భయంతో మనుషులను పస్తు ఉంచుతారు. కుందేలుకు వాంతి చేసుకునే శక్తే లేదు, కనుక ఆ భయం లేదు. పైగా దాని పేగు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. అంధనాళమనే పెద్ద సంచిలో కోట్లకొలది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి దానికి బలమిస్తాయి. తిండి ఆగితే పేగు నిలిచిపోతుంది, గాలి ఉబ్బుతుంది, నొప్పి పుడుతుంది, నొప్పి వల్ల మరీ తినదు. పన్నెండు గంటలు తినకపోతే అపాయమే. కుట్లు బాగా పడినా ఈ పేగు నిలిచిపోయి చనిపోయే కుందేళ్ళున్నాయట.

ముందు గడ్డి తినిపించి, ఆ తరువాతే ఆపరేషన్ చేశారు. సాయంకాలం మల్లిని బుట్టలో పెట్టుకుని ఆటోలో తెచ్చుకున్నాము. "మొలనా సార్?" అని ఆటో అబ్బాయి దారి పొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. పరుపుగా నా పాత పంచెలు పరిచాము. రంపపు పొట్టు కుట్లకు అంటుకుంటుంది, అందుకని కూడదన్నారు. ప్రత్తి పేరు మోసే పేటలో నూలుగుడ్డలకేం కరువు! మత్తు దిగేదాకా వేడినీళ్ళ సీసాకు తువాలు చుట్టి ప్రక్కన ఉంచాము.

అది తినలేదు. గరిక పెడితే ముఖం త్రిప్పుకున్నది. కొత్తిమీరకు ప్రాణమిచ్చేది, దాన్నీ చూడలేదు. ఒక మూల ముడుచుకుని, కళ్ళు అరమూసి, పళ్ళు నూరింది. కుందేలు నొప్పిని దాచుకునే జంతువు. అడవిలో కుంటిన కుందేలును నక్క ముందు పట్టుకుంటుంది కదా. అటువంటిది పళ్ళు నూరిందంటే బాధ ఎంతో ఊహించుకోండి. నొప్పికి ఇచ్చిన చుక్కల మందు వేళ తప్పకుండా వేశాము.

"ఒరే, లంఖణం పరమౌషధమన్నారు. పొట్ట కోసిన దానికి తిండి కుక్కుతారుట్రా?" అన్నది మా అమ్మ. ఆమెకు చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు. తువాలులో పసిబిడ్డలా చుట్టి మా ఆవిడ పట్టుకుంటే, ఎండుగడ్డి పొడి ఆహారాన్ని నీళ్ళలో కలిపి, సూదిలేని సిరంజితో నోటి ప్రక్కగా కొద్దికొద్దిగా మా అమ్మాయి పట్టేది. నాలుగు గంటలకోసారి పది పన్నెండు మిల్లీలీటర్లు. వెల్లకిల వేయకూడదు. గట్టిగా తన్నుకుంటే వెన్ను విరుగుతుంది.

నా ఉద్యోగం పుస్తకం వ్రాయడం. వేళ, తిన్నది, మందు, పెంటికలు అని నాలుగు గళ్ళు గీశాను. నాలుగో గడిలో మొదటి రాత్రి సున్న. మరునాడంతా సున్న. సాయంకాలం మళ్ళీ తీసుకుపోతే పేగు కదిలే సూదిమందూ, చర్మం క్రింద నీళ్ళూ ఇచ్చి, తెల్లవారేసరికి ఏమీ రాకపోతే వెంటనే తీసుకురమ్మన్నారు.

ఆ రాత్రి కరగ. తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరి, మా పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చిపోవడం దాని ఆనవాయితీ. ఏటా వీధిలో నిలబడి చూసేవాణ్ణి. ఈసారి డప్పులంటే గుండె దడ. కుందేలు బెదిరితే ఆ బెదురుకే పేగు ఆగుతుందన్నారు. మాది వీధి గది, కిటికీకి రెండు దుప్పట్లు కట్టినా మోత ఆగలేదు. మల్లి వెనుక కాలితో నేలను టపటప కొట్టింది.

అప్పుడు మా అమ్మ లేచి వచ్చింది. నాలుగేళ్ళలో దాన్ని ముట్టుకుని ఎరుగదు. కుందేలు రాత్రివేళ మెత్తని పెంటికలను మళ్ళీ తానే తింటుంది. దానికి అది ఆహారమే, అందుకే మెడకు గరాటు పట్టీ వేయవద్దని డాక్టరమ్మ అన్నారు. కాని మా అమ్మకు అదొక్కటి చాలు. అటువంటి ఆమె, "దేవుడి గదికి కిటికీ లేదు కదా, అక్కడ పెట్టండి" అన్నది.

పెట్టాము. దీపం వెలుతురులో మా అమ్మాయి దాని నుదురు నిమురుతూ కూర్చున్నది. చప్పుడు దగ్గరై, ఊరేగింపు దాటిపోయి, మెల్లగా సన్నగిల్లింది. నేను గడియారం చూస్తూ కునుకు తీశాను.

తెల్లవారి నన్ను లేపినది మా అమ్మే. "నీ పుస్తకం తీయరా. ఏడున్నాయి, లెక్కపెట్టాను. చిన్నవే." నేను మడిచీర వంక చూస్తే, "స్నానం చేస్తానులే" అన్నది.

మధ్యాహ్నానికి కొత్తిమీర రెండు రెబ్బలు తిన్నది. మూడో రోజుకు పుస్తకంలో గడి చాలలేదు. ఆ మధ్యలో పొరుగింటాయన, మనుషుల మాత్రే కదా అని మిగిలిన అమాక్సిసిలిన్ ఇవ్వబోయారు. మంచి మనసుతోనే! ఆ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగులోని సూక్ష్మజీవులు చచ్చి అదీ చస్తుందని తెలిసి ఆయన చెయ్యి వెనక్కు తీసుకున్నారు. కుందేళ్ళున్న ఇళ్ళవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవలెను.

పదకొండో రోజున కుట్లు చూపించి ఇంటికి వచ్చేసరికి బహుళ ఏకాదశి. మా అమ్మకు పచ్చి మంచినీళ్ళయినా ముట్టని ఉపవాసం. దేవుడి గది గుమ్మంలో కూర్చుని, వినాయకుడి పూజకని మార్కెట్టు నుంచి తెప్పించిన గరికలో సగం విడదీసి, ఒక్కొక్క పోచా మల్లి నోటికి అందిస్తున్నది.