పాత ఆటయంత్రాలు విప్పేవారు

జపాన్‌లోని నింటెండో సంస్థ 1989లో గేమ్‌బాయ్ అనే చేతి ఆటయంత్రాన్ని విడుదల చేసింది. దాని తెరకు సొంత వెలుతురు లేదు. అందుచేత పాత యంత్రాలను ఇంట్లోనే విప్పి, వెలిగే తెరలు, రంగురంగుల డొప్పలు అమర్చుకొనేవారు నేడు పలు దేశాల్లో ఉన్నారు. వెనుకనున్న మరలకు మూడు గాట్లుంటాయి. మామూలు స్క్రూడ్రైవరు పట్టదు. కొన్నవాడు తెరవకూడదన్నట్లు బిగించిన మరలవి! అయినా తన వస్తువును తాను విప్పుకోవడం తప్పెలా అవుతుంది? తప్పు మరొకచోట ఉంది. తెరపై కొన్ని నిలువు వరుసలు కనిపించకపోతే కొందరు దానిని పారవేసి కొత్తది బిగిస్తారు. చాలాసార్లు చెడేది తెర కాదు, దాని అంచునున్న పలుచని పట్టీ అతుకు. ముందు దానిని చూడాలి. సోల్డరింగ్ ఐరన్‌తో పట్టీకి మెల్లగా వేడి తగిలిస్తే, పోయిన వరుసలు తరచు తిరిగి కనిపిస్తాయి. వేడి మితిమీరితే మాత్రం పట్టీ కాలిపోతుంది.