ప్రమాదమా? ఏమరుపాటా?

'ప్రమాదం' అనే మాటను నేడు మనం ఆపద అనే అర్థంలో వాడుతున్నాం. సంస్కృతంలో దాని మూలార్థం ఏమరుపాటు. 'అప్రమత్తత' అనే మాటలో ఆ అర్థం నేటికీ నిలిచి ఉంది. నౌకాదళ ప్రమాదాల వివరాలు చదివినప్పుడు ఆ పాత అర్థమే నాకు సమంజసంగా తోస్తుంది.

2014 నవంబరు 6వ తేదీ రాత్రి విశాఖపట్నం తీరానికి ఆవల 'ఏ-72' అనే చిన్న నౌక మునిగిపోయింది. విన్యాసాలలో ప్రయోగించిన టార్పెడోలను సముద్రం నుండి వెలికితీసి తేవడం దాని పని. ఆ రాత్రి శత్రువెవ్వరూ దానిపై దాడి చేయలేదు. నౌకలోని ఒక విభాగంలోకి నీరు చేరింది. అందులోని 28 మందిలో 23 మందిని రక్షించగలిగారు. ఒకరు మరణించారు, నలుగురు గల్లంతయ్యారు.

ఇటువంటి ఘటన జరగగానే కారణాన్ని 'సాంకేతిక లోపం' అనో 'మానవ తప్పిదం' అనో రెండు గదులలో ఏదో ఒకదానిలో వేయడం మనకు అలవాటు. ఈ విభజన నాకు సమ్మతం కాదు. సముద్రమెరుగని నగరవాసికి కూడా ఇందులోని మర్మం తెలిసినదే. హైదరాబాదు బేగంబజారులో కొద్ది రూపాయలకు దొరికే రబ్బరు వాషరు అరిగితే ఇంటి కుళాయి కారుతుంది. లోపం వాషరుదే, కాని దానిని మార్చకుండా కింద బక్కెట్టు పెట్టి ఊరుకున్నది మనమే. నౌకలో ఆ బక్కెట్టు ఉపాయం చెల్లదు.

మానవ తప్పిదం మాటా అంతే. 2013 ఆగస్టు 14న ముంబయి రేవులో 'సింధురక్షక్' జలాంతర్గామి పేలి 18 మంది మరణించారు. దానిని విధులకు పంపేముందు సిబ్బంది అలసటను సరిగా అంచనా వేయలేదని విచారణలో తేలింది. అలసిన చేయి పొరబడితే ఆ తప్పు చేతిదా, విశ్రాంతినివ్వని ఏర్పాటుదా? మరుసటి ఫిబ్రవరిలో 'సింధురత్న'లో పొగలు కమ్మి ఇద్దరు అధికారులు కన్నుమూశారు. నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి నైతిక బాధ్యత వహించి ఆనాడే రాజీనామా చేశారు. ఆ పెద్దరికానికి నమస్కరించవలసిందే. అయితే రాజీనామాతో ఏ తీగా బాగుపడదు.

2007-08 నుండి 2015-16 వరకు జరిగిన 38 ప్రమాదాలలో నౌకాదళం రెండు నౌకలను, ఒక జలాంతర్గామిని, 33 మందిని కోల్పోయిందని కాగ్ లెక్క తేల్చింది. ఇవి యుద్ధనష్టాలు కావు. భద్రత కోసం 2014లో నెలకొల్పిన ప్రత్యేక వ్యవస్థకు ప్రభుత్వ ఆమోదం ఇంకా అందలేదని కూడా ఆ నివేదిక ఎత్తిచూపింది.

రక్షణ రహస్యాలను కాపాడుకోవలసిందే. ఆయుధాల వివరాలు ఎవరికీ అక్కరలేదు. నీరు ఎలా చేరింది, తలుపు ఎందుకు మూతపడలేదు, మరమ్మతు ఎవరి సంతకం కోసం ఆగింది అనేవి రహస్యాలు కావు. విశాఖలో మెరైన్ ఇంజనీరింగు చదివే విద్యార్థికి, గల్లంతైన నావికుని తల్లికి ఆ విచారణ ఫలితాలు చేరాలి.