తిమింగలం మేత, మన పిల్లల చదువు

సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలలో బెంగుళూరు చదువు అనగానే ఒకే అర్థం స్థిరపడిపోయింది: కంప్యూటరు, దాని వెంట ఉద్యోగం. హోసూరు, కోలారు, బాగేపల్లి, కుప్పం ప్రాంతాల నుంచి ఈ నగరానికి వచ్చిన మన పిల్లలలో ఎవరైనా సముద్ర జీవుల మీద పరిశోధన చేస్తానంటే ఇంటిల్లిపాదీ విస్తుపోతారు. "సముద్రమే లేని ఊళ్లో తిమింగలం చదువేమిటి?" అని పెద్దలు అడగడం నేను విన్నాను. ప్రశ్న సహజమైనదే. దానికి జవాబు కూడా ఉన్నది.

జంతువులన్నిటిలోకీ పెద్దది నీలి తిమింగలం. దాని ఆహారం వేలెడంత కూడా లేని రొయ్యజాతి జీవులు. నీటి ప్రవాహంతో పాటు కొట్టుకుపోయే ఇటువంటి ప్రాణులను జంతు ప్లవకాలు అంటారు. కంటికి ఆనని వృక్ష ప్లవకాలు వీటికి మూలాహారం. తిమింగలం నోరు తెరచి ముందుకు ఉరికి, టన్నుల కొద్దీ నీటిని నింపుకొని, జల్లెడ వంటి పొరల గుండా దానిని వెలుపలికి నెట్టి, మిగిలిన జీవులను మింగుతుంది. ఈ పనికి ఎంతో శక్తి ఖర్చవుతుంది. మేత పలుచగా చెదిరి ఉంటే తిన్నదానికన్నా ఖర్చయినదే ఎక్కువవుతుంది. కనుక మేత ఎక్కడ, ఏ లోతున, ఏ నెలలో చిక్కగా గుమిగూడుతుందో తెలుసుకోవడమే ఈ పరిశోధనకు కీలకం.

నీలి తిమింగలాలు చాలాచోట్ల చలి సముద్రాలలో మేసి, ఈనడానికి వెచ్చని నీటికి తరలివస్తాయి. శ్రీలంక చుట్టూ ఉన్నవి మాత్రం ఉష్ణమండల జలాలను విడిచి పోవు. వీటిని లోకం దృష్టికి తెచ్చిన శాస్త్రవేత్త శ్రీలంకకు చెందిన ఆశా డి వోస్. ఆమె బృందం తిమింగలాల మలంలోని డీఎన్‌ఏను పరీక్షించి, ఇవి ప్రధానంగా సెర్జెస్టిడ్ జాతి చిన్నరొయ్యలను తింటున్నాయని 2018లో ప్రకటించింది. మన సంతలలో రొయ్యపొట్టు పేరుతో అమ్మే ఎండురొయ్యల వంటివే అవి.

వెచ్చని నీటిలో అంత మేత ఎలా పుడుతుంది? జవాబులో ఒక భాగం బెంగుళూరు నుంచే వచ్చింది. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పి.ఎన్. వినయచంద్రన్, సహపరిశోధకులు 2004లో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా దీనిని వివరించారు. నైరుతి రుతుపవనాల గాలులకు శ్రీలంక దక్షిణ తీరంలో అడుగునీరు పోషకాలతో పైకి ఉబుకుతుంది. వృక్ష ప్లవకాలు విరివిగా పెరుగుతాయి. రుతుపవన ప్రవాహం వాటిని బంగాళాఖాతంలోకి మోసుకువస్తుంది. అది తిమింగలాల కోసం చేసిన పరిశోధన కాకపోయినా, మేత ఎక్కడ మొదలవుతుందో చూపింది. సముద్రం లేని ఊళ్లో ఉండి కూడా సముద్రాన్ని చదవవచ్చునని రుజువు చేసింది.

ఈ చదువు వలన ప్రయోజనమేమిటంటారా? దక్షిణ శ్రీలంక తీరం మిక్కిలి రద్దీగల నౌకామార్గం. ఓడలు ఢీకొని తిమింగలాలు చనిపోతున్నాయి. అవి మేసే చోట్లు తేటతెల్లమైన మీదటనే 2022లో ఎం.ఎస్.సి. అనే పెద్ద నౌకాసంస్థ తన ఓడలను మరింత దక్షిణానికి మళ్లించింది.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. 1950ల నాడే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి గారి మార్గదర్శకత్వంలో వాల్తేరు తీరపు ప్లవకాలను అధ్యయనం చేశారు. హైదరాబాదులో 1999లో ఏర్పడిన సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూపే నీటి రంగును, వేడిమిని బట్టి చేపలు దొరకగల చోట్లను జాలరులకు తెలుగుతో సహా తీరప్రాంత భాషలలో తెలియజేస్తున్నది. తిమింగలం మేతకు మూలమైన ఆ పచ్చదనమే జాలరికి వలవేయవలసిన చోటునూ చూపుతున్నది. ఆ సమాచారం ఇంగ్లీషులోనే ఆగిపోతే పడవ మీద దాని విలువ ఎంత?

అందుచేత నావి రెండు విన్నపాలు. మొదటిది తల్లిదండ్రులకు. ఈ రంగంలో ఉద్యోగాలు కంప్యూటరు రంగంలో వలె విరివిగా లేవు. ఆ సంగతి దాచకూడదు. అయితే నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. అర్హత పొందినవారికి ఇచ్చే భృతి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలకు పెరిగింది. ఇంటి మీద భారం మోపకుండానే పరిశోధన చేయవచ్చు. లెక్క చూసుకున్న తరువాతనే కాదనండి; వినకముందే కాదనకండి.

రెండవది విద్యార్థులకు. మన పిల్లలకు బడి తమిళంలోనో కన్నడంలోనో, కళాశాల ఇంగ్లీషులో; తెలుగు ఇల్లు దాటదు. ఇంటిభాషలో వంటింటి మాటలే మిగిలితే, రెండు తరాలకు అవీ మిగలవు. మీ సిద్ధాంత వ్యాసం ఇంగ్లీషులోనే రాయండి, తప్పులేదు. దాని సారాంశాన్ని మాత్రం నాలుగు పుటల తెలుగులో రాసి మీ ఊరికి పంపండి. ప్లవకం అన్న మాట తెలియని అవ్వకైనా రొయ్యపొట్టు తెలుసు. అక్కడి నుంచి మొదలుపెట్టండి.