సొమ్మొకడిది, సోకొకడిది

పాతకాలపు కుర్చీలూ బల్లలూ అమ్ముకునే దొరల భాషలో ‘ఐరిష్ చిప్పెండేల్’ అని ఒక మాట ఉంది. అది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చిప్పెండేల్ ఐర్లండువాడు కానే కాదు. 1718లో యార్క్‌షైర్‌లో పుట్టి లండన్‌లో దుకాణం పెట్టుకున్న ఇంగ్లీషు వడ్రంగి. గొప్ప పనివాడే, కాదనను. 1754లో నమూనాల పుస్తకం ఒకటి అచ్చువేసి జగత్ప్రసిద్ధుడయ్యాడు. అచ్చు మహిమ అలాంటిది మరి!

ఇక డబ్లిన్ వడ్రంగుల పని చూడండి. నల్లగా నిగనిగలాడే మహాగని బల్ల. పైపలక కింద వేలాడే చెక్కపట్టీ నడుమ సింహం మొహమో, ఆల్చిప్పో చెక్కుతారు. అటూ ఇటూ ఆకులు అల్లుతారు. నగిషీ పైకి తేలి కనిపించాలని దాని వెనక చెక్కనంతా చిన్న చిన్న గాట్లతో గరుకు చేస్తారు. కాళ్ళు నేలకి దిగేసరికి బొచ్చుతో సహా పంజాలైపోతాయి. ఇదంతా మోటుపని అని పెదవి విరిచినవాళ్ళున్నారు. మోటా? నా కంటికి ఆ బల్ల ఇప్పుడో ఇంకాసేపటికో లేచి నడిచేలా ఉంటుంది.

ఇలాంటివి 1740ల నాటికే డబ్లిన్‌లో తయారవుతున్నాయి. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న 1732 నాటి రాతబల్ల బీరువా జాన్ కిర్కాఫర్ అనే డబ్లిన్ వడ్రంగిది. అప్పటికి చిప్పెండేల్‌గారి వయసు పద్నాలుగేళ్ళు!

‘చేసినవాడి పేరు తెలియనప్పుడు ఏదో ఒక పేరు పెట్టాలి కదండీ’ అంటారు వర్తకులు. నిజమే, ఆ శతాబ్దంలో చాలామంది సంతకం పెట్టలేదు. ఆ తర్వాత, 19వ శతాబ్దం మొదట్లో, మ్యాక్, విలియమ్స్, గిబ్టన్ కంపెనీ మాత్రం తన సరుకు మీద పేరూ నంబరూ గుద్దింది. పాత కాగితాల్లో వెతుకుదామంటే 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు తగలబడి శతాబ్దాల దస్తావేజులు బూడిదయ్యాయి. ఆ గొడవల్లోనే జమీందారీ భవనాలెన్నో సామానుతో సహా కాలిపోయాయి. (వెస్టిండీస్‌లో ఆ మహాగని మానులు నరికిన బానిసల పేర్లయితే సరే, అడిగినవాడే లేడు.)

అయినా వెతికినవాళ్ళకి దొరికాయి. 2007లో నైట్ ఆఫ్ గ్లిన్, జేమ్స్ పీల్ కలిసి ఐరిష్ ఫర్నిచర్ మీద వేసిన పెద్ద గ్రంథంలో ఆనాటి పనివాళ్ళ పట్టికే ఉంది. అది వచ్చాక కూడా లండన్‌వాడి పేరే అంటిస్తామంటే, దాన్ని అజ్ఞానం అనను, బేరం అంటాను. పేరున్న పేరుకి నాలుగు పౌన్లు ఎక్కువ పలుకుతాయని కాబోలు. ‘డబ్లిన్, 1740 ప్రాంతం, పనివాడెవరో తెలియదు’ అని రాయడానికి ఆ చీటీలో చోటు చాలదా?