పది దిర్హాంల స్టిక్కర్‌తో సిగ్నల్ రాదు

సెలవు రోజు సాయంత్రం మా క్యాంప్ గేటు బయట దుప్పటి పరిచి ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు అమ్ముతుంటారు. అక్కడే దొరుకుతుంది బంగారు రంగు గీతల చిన్న స్టిక్కర్. ఫోన్ వెనక అంటిస్తే సిగ్నల్ నిండుగా వస్తుందంటారు. పది దిర్హాంలే కదా అని నేను కొన్నాను. నన్ను చూసి గదిలో మిగతా ఐదుగురూ కొన్నారు. అరవై దిర్హాంలు పోయాయి. మాట్లాడాలంటే ఇప్పటికీ మెట్ల దగ్గరి కిటికీకే పోవాలి.

ఆ స్టిక్కర్‌కు కరెంటు లేదు, ఫోన్ లోపలి యాంటెన్నాతో వైరు సంబంధం లేదు. ఆ రెండూ లేకుండా అలా అంటించిన స్టిక్కర్ సిగ్నల్‌ను పెంచలేదు. మరి అంటించగానే గీతలు పెరిగాయేం అంటారా? అమ్మేవాడు ముందు ఫోన్ ఆపి, మళ్లీ ఆన్ చేస్తాడు. ఫోన్ టవర్‌ను కొత్తగా వెతుక్కుంటుంది. పైగా అక్కడ మనం నిలబడింది ఆరుబయట. గీతలు అందుకే పెరిగాయి.

నమ్మకం లేకపోతే మీరే చూడండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ ఒక అంకెగా కనిపిస్తుంది. మైనస్ 85 ఉంటే బాగున్నట్టు, మైనస్ 115 ఉంటే బలహీనం. మంచం మీద ఒకే చోట ఫోన్ పెట్టి, స్టిక్కర్‌తో ఓసారి, తీసేసి ఓసారి చూడండి.

నిజంగా పనిచేసే బూస్టర్ వేరే ఉంది. దానికి బయట ఒక యాంటెన్నా, మధ్యలో కరెంటుతో నడిచే పెట్టె, లోపల ఇంకో యాంటెన్నా ఉంటాయి. బయట కాస్తయినా సిగ్నల్ ఉంటేనే అది లోపలికి తెస్తుంది. నాసిరకం పెట్టె అయితే టవర్‌కే అడ్డుపడి చుట్టుపక్కల అందరి ఫోన్లనూ చెడగొడుతుంది. అందుకే యూఏఈలో టెలికాం నియంత్రణ సంస్థ అనుమతి లేని బూస్టర్ పెట్టకూడదు. మిగతా గల్ఫ్ దేశాల్లోనూ నియమాలు ఇలాంటివే. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని తెప్పించి గదిలో బిగిస్తే, రేపు జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

ఖర్చు లేని దారులు ముందు చూద్దాం. క్యాంప్‌లోనో, పనిచేసే ఇంట్లోనో వైఫై ఉంటే ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. ఫోన్, సిమ్ రెండూ దానికి పనికొచ్చేవైతే టవర్ లేకున్నా మామూలు కాల్ వెళ్తుంది. గదిలో పక్క మంచం వాళ్లది వేరే కంపెనీ సిమ్ అయితే, వాళ్లకెంత సిగ్నల్ వస్తుందో చూసి సిమ్ మార్చండి.

అసలు మాట ఇంకోటి ఉంది. రేకుల పోర్టా క్యాబిన్‌లో, ఇనుప చువ్వల కాంక్రీటు గోడల మధ్య, వంటింటి వెనక బేస్‌మెంట్ గదిలో సిగ్నల్ అందకపోవడం మన తప్పు కాదు. అక్కడ పడుకోమన్నది కంపెనీ, కఫీల్. జీతం పడిన మెసేజ్, బ్యాంకు ఓటీపీ, ఊర్లో అమ్మకు బాగాలేదన్న కబురు అన్నీ ఈ ఫోన్‌కే వస్తాయి. రాత్రి ఎవరికైనా గుండెనొప్పి వస్తే అంబులెన్స్‌కు చేసే కాల్ కూడా దీని నుంచే పోవాలి. నీళ్లు, ఏసీ అడిగినట్టే సిగ్నల్ కూడా వసతిలో భాగంగా అడగాలి. అనుమతి ఉన్న బూస్టర్ పెట్టించడమో, వైఫై ఇప్పించడమో వాళ్ల పని.

ఒక్కరే అడిగితే క్యాంప్ బాస్ రేపు చూద్దామంటాడు. ఏ గదుల్లో సిగ్నల్ లేదో, అక్కడ అంకె ఎంతుందో ఒక కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టి ఇవ్వండి. ఒక ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి. ఇళ్లలో ఒంటరిగా పనిచేసే అక్కలకు ఇది అంత సులువు కాదని తెలుసు. కనీసం మేడమ్‌ను వైఫై పాస్‌వర్డ్ అడగండి. ఊర్లో ఇంటివాళ్లతో రోజూ మాట్లాడే టైమ్ ఒకటి ముందే అనుకోండి. ఆ టైమ్‌కు కాల్ రాకపోతే వాళ్లు మీకోసం ఆరా తీస్తారు.

ఆ పది దిర్హాంలు రీచార్జ్‌కు ఉంచుకోండి.